దొంగనోటుకు మతం లేదు, అనుమానానికి ఎందుకుంది?

దొంగనోటు చిన్న నేరం కాదు. ఈ మాట మొదటే స్పష్టంగా చెప్పి ముందుకు సాగడం మంచిదని మేము భావిస్తున్నాము. ఎందుకంటే ఈ విషయంపై ముస్లింలు నడిపే పత్రిక ఏదైనా కలం పట్టగానే, నేరస్థులను వెనకేసుకురావడానికే రాస్తున్నారని అనుకునేవారు ఉన్నారు. రోజంతా ఎండలో కూర్చుని కూరగాయలు అమ్మిన స్త్రీ సాయంత్రం డబ్బు లెక్క చూసుకుని, అందులోని అయిదువందల నోటు నకిలీదని తెలుసుకున్నప్పుడు ఆమె కోల్పోయేది ఆ రోజు లాభం ఒక్కటే కాదు, మర్నాటి పెట్టుబడి కూడా. బ్యాంకుకు తీసుకువెళితే నోటును స్వాధీనం చేసుకుంటారే తప్ప పైసా పరిహారం ఇవ్వరు. ఆ నోటును తయారుచేసినవాడూ, దేశంలోకి చేరవేసినవాడూ పేదల నోటి ముందు కూడు లాక్కున్నవారే. వారి పేర్లు ఏ భాషవైనా, ఏ మతానివైనా మాకు వారిపై సానుభూతి లేదు.

అయితే ఈ నేరంపై సాగే పోరాటపు భారాన్ని ఎవరు మోస్తున్నారన్నది వేరే ప్రశ్న. నకిలీ కరెన్సీ పట్టుబడిన ప్రతిసారీ, దర్యాప్తు మొదలుకాక ముందే, నిందితుని పేరును బట్టి కథ సిద్ధమైపోతోంది. పేరు ఒక రకానిదైతే 'ముఠా', మరొక రకానిదైతే 'ఉగ్ర కుట్ర'. ఈ వ్యత్యాసం గురించే మేము ఈ నెల మాట్లాడదలచుకున్నాము.

ప్రభుత్వాలే అచ్చువేసిన దొంగనోట్లు

శత్రుదేశపు డబ్బును దొంగచాటుగా అచ్చువేసి ఆ దేశాన్ని దెబ్బతీయాలనే ఆలోచన కొత్తది కాదు. అది ఏ ఒక్క మతానికీ, ఏ ఒక్క జాతికీ చెందినదీ కాదు. అమెరికా వలసలు స్వాతంత్ర్య యుద్ధపు ఖర్చుల కోసం 'కాంటినెంటల్' అనే కాగితపు డబ్బును విడుదల చేసినప్పుడు, 1776లో బ్రిటిషువారు న్యూయార్కు రేవులోని తమ యుద్ధనౌక మీదనే వాటికి నకిలీలు ముద్రించారు. నెపోలియన్ తన యుద్ధాల కాలంలో ఆస్ట్రియా, రష్యాల నోట్లకు నకిలీలు చేయించాడు.

1925లో హంగరీలో బయటపడిన కుంభకోణం మరీ విచిత్రమైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడి, భూభాగాలు పోగొట్టుకున్న ఆ దేశంలో కొందరు జాతీయవాదులు ఫ్రాన్సుపై కక్షతో వెయ్యి ఫ్రాంకుల నోట్లను భారీగా అచ్చువేశారు. తీరా విచారిస్తే దోషులుగా తేలినవారిలో ఆ దేశపు పోలీసు అధిపతి ఉన్నాడు, ఒక రాజవంశీకుడూ ఉన్నాడు. ఆ సంఘటన తరువాతనే నానాజాతి సమితి పూనికతో 1929 ఏప్రిల్‌లో జెనీవాలో నకిలీ కరెన్సీ నిరోధానికి అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది.

నాజీ జర్మనీ చేసిన పని అన్నిటికన్నా పెద్దది. 'ఆపరేషన్ బెర్న్‌హార్డ్' పేరుతో 1942 నుండి 1945 వరకు సాక్సెన్‌హౌజెన్ నిర్బంధ శిబిరంలో బ్రిటిష్ పౌండ్లను ముద్రించారు. ఆ నకిలీలు ఎంత మేలిరకంగా ఉండేవంటే, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ 1943లో అయిదు పౌండ్లకు మించిన నోట్ల జారీని నిలిపివేయవలసివచ్చింది. ఆ నోట్లను తయారుచేసిన చేతులు ఎవరివి? దాదాపు నూటనలభై మంది యూదు ఖైదీలవి. ముద్రణ పనివారు, చిత్రకారులు, బ్యాంకు ఉద్యోగులు వారిలో ఉన్నారు. చేయకపోతే చావు, చేసినా రహస్యం బయటపడకుండా చివరికి చావే అన్న స్థితిలో వారు ఆ పని చేశారు. ఆ యంత్రం ముందు నిలబడిన మనుషులను మాత్రమే చూసి తీర్పు చెప్పేవాడు ఆ నేరాన్ని యూదులకు అంటగట్టి ఉండేవాడు. ఆజ్ఞ ఇచ్చినది బెర్లిన్ అని తెలుసుకోవడానికి వెనకకు తిరిగి చూడాలి. ఈనాటి కేసులలోనూ అంతే. పట్టుబడిన చేతి వెనక ఎవరున్నారో కనుక్కోకుండా, ఆ చేతి మతాన్ని మాత్రం చెప్పి ఊరుకునే దర్యాప్తు అసలు శత్రువును వదిలేస్తుంది.

మన దేశ చరిత్రలోనూ ఇటువంటి ఉదాహరణ ఒకటుంది. దానిని దాచుకోవలసిన అవసరం మాకు లేదు. పధ్నాలుగో శతాబ్దంలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ వెండి నాణేనికి బదులు రాగి, ఇత్తడి నాణేలను అదే విలువకు చెలామణి చేయించాడు. వాటిపై నకలు చేయడానికి వీలులేని గుర్తులేవీ లేకపోవడంతో ఎవరికి వారు నాణేలు పోసుకున్నారు. చివరికి సుల్తాను వాటిని రద్దుచేసి ఖజానా నుండి వెండి, బంగారు నాణేలు చెల్లించవలసివచ్చింది. ఆ కాలపు చరిత్రకారుడు జియావుద్దీన్ బరనీ ఈ వైఫల్యాన్ని వర్ణిస్తూ హిందువుల ఇళ్ళే టంకసాలలైపోయాయన్న ధోరణిలో రాశాడు. పాలకుడు రక్షణ ఏర్పాట్లు లేని నాణేన్ని విడుదల చేయడం అసలు తప్పు. నింద మాత్రం ఒక మతస్థులపై పడింది. ఆనాడు ఒక ముస్లిం ఆస్థాన రచయిత హిందువులపై మోపిన ఆ నింద ఎంత అన్యాయమైనదో, ఈనాడు ముస్లింలపై మోపుతున్నదీ అంతే అన్యాయమైనది. రెండింటినీ ఒకే తూకంతో తూచగలిగినప్పుడే మన మాటకు విలువ ఉంటుంది.

ముప్పు ఎంత? ఎక్కడి నుండి?

మేలిరకం నకిలీ భారతీయ నోట్లు పాకిస్తాన్‌లో తయారై నేపాల్, బంగ్లాదేశ్, గల్ఫ్ మార్గాలలో మన దేశానికి చేరుతున్నాయని భద్రతా సంస్థలు ఏళ్ళ తరబడి చెబుతున్నాయి. ఈ మాటను కొట్టిపారేసే ఉద్దేశం మాకు లేదు. పైన చెప్పిన చరిత్ర చూస్తే పొరుగు రాజ్యమేదైనా ఇటువంటి పనికి పాల్పడటం అసంభవం కాదు. 2015 జూన్‌లో భారత్, బంగ్లాదేశ్‌లు నకిలీ నోట్ల రవాణా నిరోధానికి అవగాహన ఒప్పందం చేసుకోవడం మంచి పని. ముస్లింలు అధిక సంఖ్యాకులుగా ఉన్న ఆ దేశ ప్రభుత్వమే ఈ పోరాటంలో మనతో చేయి కలపడం గమనించదగినది.

ముప్పు పరిమాణాన్ని కూడా నిదానంగా అంచనా వేసుకోవాలి. కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థ జరిపిన అధ్యయనం ప్రకారం ఏ సమయంలోనైనా దేశంలో చెలామణిలో ఉన్న నకిలీ నోట్ల ముఖవిలువ సుమారు 400 కోట్ల రూపాయలు. ప్రతి పది లక్షల నోట్లలో నకిలీవి సుమారు 250. అంటే పదివేల నోట్లకు రెండో మూడో. 2016 నవంబరు 8 రాత్రి అయిదువందల, వెయ్యి రూపాయల నోట్లను రద్దుచేస్తూ ప్రధానమంత్రి చెప్పిన కారణాలలో నకిలీ కరెన్సీ, ఉగ్రవాదానికి అందే నిధులు ముఖ్యమైనవి. దేశంలోని డబ్బు విలువలో 86 శాతం ఒక్క రాత్రిలో చెల్లకుండా పోయింది. రద్దయిన నోట్లలో 99.3 శాతం బ్యాంకులకు తిరిగి వచ్చాయని 2018లో రిజర్వు బ్యాంకే ప్రకటించింది. పదివేలకు రెండు మూడు నోట్ల కోసం పదివేల నోట్లనూ రద్దుచేయడం వల్ల రోజుకూలీలు, చిల్లర వర్తకులు, చేనేతవారు ఎంత నలిగిపోయారో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ తరువాత ఏం జరిగింది? బ్యాంకింగ్ వ్యవస్థలో పట్టుబడిన నకిలీ నోట్ల సంఖ్య 2016-17లో 7,62,072 కాగా, 2020-21 నాటికి 2,08,625కు తగ్గింది. తగ్గుదల నిజమే. కాని అప్పటి నుండి అది రెండు లక్షలకు పైనే నిలిచి ఉంది, 2024-25లో 2,17,396. అందులో కొత్త అయిదువందల నోటుకు నకిలీలే లక్షా పదిహేడు వేలకు పైగా ఉన్నాయి. నకలు చేయడం కష్టమని చెప్పిన నోటు పరిస్థితి ఇది. పోలీసులు అద్దె గదులలో కలర్ ప్రింటర్లు, స్కానర్లు పట్టుకుంటున్న వార్తలు మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ తరచు చూస్తూనే ఉన్నాము. అందులో అన్ని కులాలవారూ, అన్ని మతాలవారూ ఉంటున్నారు. అప్పుల పాలైన వ్యాపారి, పని దొరకని చదువరి, తేలికగా డబ్బు చేసుకోవాలనుకున్న యువకుడు వారిలో కనిపిస్తారు. ఆ వార్తలలో 'కుట్ర' అన్న మాట రాదు. రావలసిన అవసరమూ లేదు. అదే సంయమనం అందరి విషయంలోనూ ఉండాలన్నదే మా వాదన.

మాల్దా పేరు వినగానే

పశ్చిమ బెంగాల్‌లోని మాల్దా జిల్లా పేరు ఈ కేసులలో పదే పదే వినిపిస్తుంది. బంగ్లాదేశ్ సరిహద్దున ఉన్న ఆ జిల్లాలో, 2011 జనగణన ప్రకారం, సగానికి కొంచెం మించి ముస్లింలు. గంగానది ఒడ్డు కోతకు గురై ఊళ్ళకు ఊళ్ళు, పొలాలకు పొలాలు నీటిపాలైన ప్రాంతమది. భూమి పోయినవారు బీడీలు చుట్టుకుంటూ బతుకుతున్నారు, లేదా పని వెతుక్కుంటూ దేశమంతా తిరుగుతున్నారు. మన హైదరాబాదులో లేచిన ఎత్తైన భవనాలలో ఆ జిల్లా కూలీల చెమట ఉంది. అదే జిల్లా నుండి విశాఖపట్నం, హైదరాబాదు వైపు వచ్చే రైళ్ళలో నకిలీ నోట్లు తెచ్చినవారు పట్టుబడిన కేసులూ ఉన్నాయి. రెండూ నిజాలే.

కాని మొదటి నిజంలో ఉన్న వేలాది మందిని రెండో నిజంలోని గుప్పెడు మందితో కలిపివేయడం న్యాయమా? ఏదో ఒక అరెస్టు జరిగిన వారానికి, అదే జిల్లా కూలీలుండే బస్తీలలో గుర్తింపు కార్డుల తనిఖీలు, ఇంటి యజమానుల ప్రశ్నలు, గుత్తేదారుల అనుమానపు చూపులు మొదలైతే, ఆ కూలీ చేసిన తప్పేమిటి? ఇక నోట్లు మోసుకొచ్చి పట్టుబడేది సాధారణంగా చివరి అంచెలోని మనిషే. కాసిన్ని డబ్బులకు సంచి మోసినవాడు. ముద్రించినవాడు సరిహద్దుకు అవతల, పెట్టుబడి పెట్టినవాడు మరెక్కడో క్షేమంగా ఉంటారు. సంచి మోసినవాడు నిర్దోషి అని మేము అనడం లేదు. తెలిసి మోస్తే శిక్ష పడవలసిందే. ఆ శిక్ష అతడు చేసిన నేరానికి తగినదై ఉండాలి. అతడి జిల్లాకు, అతడి మతానికి అది పాకరాదు.

చట్టం ఏమంటోంది?

భారతీయ శిక్షాస్మృతిలోని 489ఎ నుండి 489ఇ వరకు సెక్షన్లు నకిలీ నోట్ల నేరాలకు ఎప్పటి నుండో ఉన్నవి. దొంగనోటు తయారీకి, తెలిసి చెలామణి చేయడానికి యావజ్జీవ శిక్ష వరకు అవకాశం ఉంది. ముంబై దాడుల తరువాత 2008 చివర జాతీయ దర్యాప్తు సంస్థ ఏర్పడినప్పుడు ఈ సెక్షన్లను దాని పరిధిలో చేర్చారు. 2012 సవరణతో, దేశ ద్రవ్య స్థిరత్వానికి హాని కలిగించేలా అధిక నాణ్యత గల నకిలీ నోట్లను తయారుచేయడం, రవాణా చేయడం, చెలామణి చేయడం 'ఉపా' చట్టం కింద ఉగ్రవాద చర్య అయింది. 'అధిక నాణ్యత' అంటే ఏమిటో నిర్ణయించడానికి భద్రతా గుర్తుల జాబితాను చట్టంలోనే చేర్చి, ఫోరెన్సిక్ పరీక్షను తప్పనిసరి చేశారు. విదేశీ ముద్రణాలయాలలో తయారయ్యే నోట్లకూ, అద్దె గదిలో తీసిన ప్రతులకూ మధ్య తేడా చూపే గీత అది.

'ఉపా' కింద కేసు పెడితే బెయిలు దాదాపు అసాధ్యం. ఆరోపణ పైకి నిజమనిపిస్తే చాలు, న్యాయస్థానం బెయిలు ఇవ్వరాదని 43డి(5) సెక్షను చెబుతోంది. 2016 నుండి 2020 వరకు ఈ చట్టం కింద 24,134 మంది నిందితులుగా ఉండగా 212 మంది మాత్రమే దోషులుగా తేలారని కేంద్ర హోంశాఖ పార్లమెంటుకు చెప్పింది. మిగిలినవారిలో అత్యధికులకు విచారణే శిక్ష. దేశంలోని విచారణ ఖైదీలలో ముస్లింల వాటా జనాభాలో వారి వాటా కన్నా ఎక్కువగా ఉండటం ఈ సందర్భంలో గుర్తుంచుకోవాలి.

2024 జులైలో సర్వోన్నత న్యాయస్థానం నకిలీ నోట్ల కేసులలోనే ఇచ్చిన రెండు తీర్పులు ప్రతి పౌరుడూ తెలుసుకోదగినవి. మొదటి కేసులో, నకిలీ రెండువేల నోట్లతో 2020లో ముంబైలో అరెస్టయిన నిందితుడు నాలుగేళ్ళుగా జైలులో ఉన్నాడు. ఎనభై మంది సాక్షులను విచారిస్తామన్న ప్రాసిక్యూషన్, అప్పటికి అభియోగాలు కూడా నమోదు చేయించలేదు. నేరం ఎంత తీవ్రమైనదైనా సత్వర విచారణ పొందే హక్కు నిందితునికి రాజ్యాంగం ఇచ్చిందని చెబుతూ జులై 3న న్యాయస్థానం బెయిలు మంజూరు చేసింది. రెండో కేసు ఒక నేపాలీ పౌరునిది. ఇరవై ఆరు లక్షల రూపాయలకు పైగా ముఖవిలువ గల నకిలీ నోట్లతో 2015లో ఉత్తరప్రదేశ్‌లో పట్టుబడిన అతడు తొమ్మిదేళ్ళకు పైగా జైలులో ఉన్నాడు. ఆ తొమ్మిదేళ్ళలో విచారించినది ఇద్దరు సాక్షులను. జులై 18న అతడికీ బెయిలు దొరికింది. 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కు విదేశీయునికి కూడా వర్తిస్తుందన్న సంగతి ఈ తీర్పుతో మరోసారి రుజువైంది.

ఈ తీర్పులను కొందరు దేశభద్రతకు అడ్డంకిగా చూస్తున్నారు. మేము అలా చూడలేము. నిజంగా ఇది దేశంపై యుద్ధమని ప్రభుత్వం నమ్మితే తొమ్మిదేళ్ళలో ఇద్దరు సాక్షులను మాత్రమే విచారించడం ఏ రకమైన యుద్ధం? విచారణ సాగకపోతే నిర్దోషి జైలులో మగ్గుతాడు. దోషి వెనక ఉన్నవారి పేర్లూ ఎన్నటికీ బయటికి రావు.

ఇంతకంటే పాత కేసు ఒకటి చెప్పాలి. 1990లో, నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో, పద్దెనిమిదేళ్ళ విద్యార్థి ఒకడు వందరూపాయల నోటు ఇచ్చి కిలో మామిడిపళ్ళు కొనబోయాడు. నోటు నకిలీదని తేలింది. వెతికితే అతడి వద్ద అటువంటివి మరికొన్ని దొరికాయి. కింది కోర్టు, హైకోర్టు శిక్ష ఖరారు చేశాయి. 2001లో సర్వోన్నత న్యాయస్థానం అతడిని నిర్దోషిగా విడుదల చేసింది. నోటు నకిలీదని అతడికి తెలుసునని ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదని, తెలియకుండా చేతికి వచ్చిన నోటు నేరం కాదని తేల్చింది. దొంగనోటు ఎవరి చేతికైనా రావచ్చు. తెలిసి చేశాడా, తెలియక చేశాడా అన్నదే ఈ చట్టానికి ఆయువుపట్టు. నిందితుని పేరు చూసి 'తెలిసే ఉంటుంది' అని ముందే నిర్ణయించుకోవడం ఆ ఆయువుపట్టునే తెంచివేయడం.

కొత్త చట్టంలో జారిపోయిన మాట

2024 జులై 1 నుండి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో 178 నుండి 182 వరకు సెక్షన్లు నకిలీ నోట్ల నేరాలకు ఉన్నాయి. వాటితో పాటు 113వ సెక్షనులో ఉగ్రవాద చర్యకు కొత్తగా నిర్వచనం ఇచ్చారు. 'ఉపా'లోని మాటలనే చాలావరకు తీసుకున్నారు గాని, నకిలీ నోటుకు ముందున్న 'అధిక నాణ్యత గల' అన్న విశేషణం ఇందులో లేదు. ఏ చట్టం కింద కేసు నమోదు చేయాలో పోలీసు సూపరింటెండెంటు హోదాకు తగ్గని అధికారి నిర్ణయిస్తాడు.

ఈ చిన్న మార్పు వెనక పెద్ద ప్రమాదం ఉంది. నకిలీ నోట్లు దగ్గర ఉంచుకున్నందుకు 180వ సెక్షను కింద గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. 113వ సెక్షను కింద కనిష్ఠమే అయిదేళ్ళు, గరిష్ఠం యావజ్జీవం. దేశ భద్రతకు ముప్పు తలపెట్టే ఉద్దేశం, లేదా అటువంటి ముప్పు కలిగే అవకాశం ఉండాలన్న షరతు ఉంది, నిజమే. బెయిలు విషయంలో 'ఉపా'లోని కట్టడి ఈ సెక్షనులో లేదన్నదీ నిజమే. కాని ఒకే రకమైన నోట్లతో పట్టుబడిన ఇద్దరిలో ఒకరిని మామూలు నేరస్థుడనీ, మరొకరిని ఉగ్రవాది అనీ అనడానికి ఒక అధికారి విచక్షణ సరిపోయేటప్పుడు, ఆ విచక్షణ ఎవరి విషయంలో ఎటు మొగ్గుతుందో ఊహించడానికి మాకు పెద్ద కష్టం లేదు. అందుకే ఆ విశేషణాన్ని తిరిగి చేర్చాలని మేము కోరుతున్నాము.

దానితో పాటు మరి నాలుగు కోరికలున్నాయి. ఫోరెన్సిక్ నివేదిక రాకముందు నకిలీ నోట్ల కేసులో ఉగ్రవాద సెక్షన్లు పెట్టరాదు. ఈ కేసుల విచారణకు కాలపరిమితి విధించాలి. అభియోగపత్రం దాఖలు కాకముందే నిందితులను విలేకరుల ముందు నిలబెట్టి ఉగ్రవాదులని ప్రకటించే పద్ధతి మానాలి. ఏళ్ళ తరబడి జైలులో ఉండి నిర్దోషులుగా విడుదలైనవారికి పరిహారం చెల్లించాలి. ఇవి ముస్లింలకు మాత్రమే పనికివచ్చే కోరికలు కావు. ఈ చట్టాల బారిన పడిన ఆదివాసీకీ, దళితునికీ, మరెవరికైనా ఇవే అవసరం.

మన వంతు

ఇతరులను అడిగినంత గట్టిగా మనల్ని మనం కూడా అడుగుకోవాలి. తూకంలో మోసం, సరుకులో మోసం, డబ్బులో మోసం మన ధర్మంలో ఎంత నిషిద్ధమో తెలియనివారు లేరు. ఇమామ్ గజాలీ వర్తకుల మర్యాదల గురించి రాసిన సందర్భంలో కల్తీ దిర్హము సంగతి ప్రత్యేకంగా చర్చించాడు. దొంగతనం ఒక్కసారితో ముగుస్తుంది. చెల్లని నాణేన్ని ఇతరులకు అంటగట్టిన పాపం అది చేతులు మారినంత కాలం, అంటగట్టినవాడు పోయిన తరువాత కూడా, కొనసాగుతుందని అతడి భావం. అటువంటి నాణెం చేతికి వస్తే మరొకరికి చేరకుండా బావిలో పారవేయడమే మేలని అతడు సలహా ఇచ్చాడు.

ఈ కాలంలో బావికి బదులు బ్యాంకు ఉంది. నోటు నకిలీదని అనుమానం వస్తే చీకటి పడ్డాక ఏ ముసలి పూలమ్మికో ఇచ్చి వదిలించుకోవాలనే బుద్ధి మనలో ఎందరికో కలుగుతుంది. అది నేరం, అంతకు మించి పాపం. బ్యాంకులో ఇస్తే దానిపై నకిలీదన్న ముద్ర వేసి స్వాధీనం చేసుకుంటారు. అందుకు రసీదు ఇవ్వడం బ్యాంకు బాధ్యత, అడిగి తీసుకోండి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఒకే లావాదేవీలో నాలుగు వరకు నకిలీ నోట్లుంటే బ్యాంకు నెలవారీ నివేదికలో పోలీసులకు తెలుపుతుంది. అయిదు గాని అంతకు మించి గాని ఉంటే వెంటనే ఫిర్యాదు చేసి కేసు నమోదు చేయిస్తుంది. కనుక చిల్లర వర్తకులు నోట్లను ఏ రోజుకారోజు చూసుకోవడం మంచిది. పోలీసుల భయంతో అమాయకులు తప్పుచేసినవారిలా నోటు దాచుకోనక్కరలేదు.

రెండో సంగతి మన యువకులది. 'ఈ సంచి ఫలానా ఊళ్ళో ఇచ్చి రా, ఇంత ఇస్తాము' అని అడిగేవాడు స్నేహితుడైనా, బంధువైనా, అతడు తన జైలును మీకు అప్పగిస్తున్నాడని గ్రహించాలి. మస్జిద్ కమిటీలు, బస్తీ పెద్దలు ఈ మాటను జుమా రోజున ఒకసారైనా చెప్పాలి. అన్యాయంగా ఇరుక్కున్నవారికి న్యాయసహాయం అందించే బాధ్యత కూడా వారే తీసుకోవాలి. అరెస్టయిన కుర్రవాని తల్లి ఒంటరిగా కోర్టు మెట్లెక్కే స్థితి ఏ బస్తీలోనూ ఉండరాదు.

నకిలీ నోట్లు పంపే శత్రువుకు కావలసినది మన డబ్బు ఒక్కటే కాదు. ఈ దేశ ప్రజలకు తమ డబ్బుపైనా, తమ ప్రభుత్వంపైనా, ఒకరిపై ఒకరికీ ఉన్న నమ్మకం పోవాలన్నదే అతడి కోరిక. నోటును బ్యాంకులో పట్టుకోవచ్చు. మాల్దా కూలీకి ఇల్లు అద్దెకివ్వని యజమాని, పేరు చూసి సెక్షను రాసే అధికారి, విచారణకు ముందే తీర్పు చెప్పే వార్తా ఛానలు తెలియకుండానే ఆ శత్రువు పనిని పూర్తిచేస్తున్నారు. దోషిని శిక్షించండి, త్వరగా శిక్షించండి, చట్టప్రకారం శిక్షించండి. దోషి కానివానిని అతడి ఇంటికి పంపండి. మేము అడుగుతున్నది ఇంతే.